ఎండాకాలంలో కారు టైర్లు



ఈ రోజు నేను కారు టైర్ల గురించి మాట్లాడబోతున్నానంటే మా వారే నవ్వారు. “ఆవకాయ గురించో, వడియాల గురించో చెప్పక టైర్ల గోల నీకెందుకే?” అన్నారు. మీలో కొందరికీ అలాగే అనిపించవచ్చు. కాని ఒక్క మాట ఆలోచించండి. ఎండలు ముదురుతున్నాయంటే మనం ఇంట్లో ఎన్ని జాగ్రత్తలు పడతాము! కొత్త కుండ కొని ఇసుకలో పెడతాము. కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కడతాము. పిల్లల్ని మధ్యాహ్నం గడప దాటనివ్వము. అదే పిల్లల్ని, అదే మధ్యాహ్నం, పెండ్లికనో పుట్టింటికనో కారులో కూర్చోబెట్టి వంద మైళ్ళు తీసుకుపోతాము. అప్పుడు ఆ కారుకూ రోడ్డుకూ మధ్య ఏమున్నదో చూడము. వున్నవి నాలుగు టైర్లు. ఒక్కొక్క టైరు నేలకు ఆనేది మహా అయితే మన అరచేయి అంత జాగా. అలాంటి నాలుగు అరచేతుల మీద మన సంసారమంతా పరుగెత్తుతుందన్నమాట!

అందులోనూ మన నల్లగొండ, పాలమూరు ప్రాంతాల సంగతి వేరు. చెట్టూ చేమా తక్కువ, రాతినేల, గుట్టలు. మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులు మనం చూసినవే. గాలి వేడి అంత వుంటే తారు రోడ్డు పైభాగం 60 డిగ్రీలు కూడా దాటుతుంది. చెప్పులు లేకుండా నాలుగడుగులు వేయలేము. ఆ రోడ్డు మీద టైరు గంటకు 80, 100 కిలోమీటర్ల వేగంతో గంటల తరబడి రాసుకుంటూ పోతుంది. 2016లో మన పాత జిల్లాలు రెండింటినీ విడదీసి చిన్న జిల్లాలు చేశారు గాని ఎండను మాత్రం ఎవరూ విడదీయలేదు. సూర్యాపేటలో వున్నదే వనపర్తిలోనూ వుంది.

అసలు రబ్బరుకూ వేడికీ మొదటినుంచీ పడదు. చెట్టు పాలతో చేసిన ముడి రబ్బరు ఎండకు జిగురుగా కరుగుతుంది, చలికి పగుళ్ళిస్తుంది. అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే ఆయన 1839లో ఆ రబ్బరుకు గంధకం కలిపి వేడిచేస్తే అది గట్టిపడి, సాగేగుణం పోకుండా నిలుస్తుందని కనిపెట్టాడు. పాపం, ఆయన జీవితమంతా అప్పుల్లోనే గడిచింది. తరువాత 1888లో బెల్‌ఫాస్టులో డన్‌లప్ అనే పశువుల డాక్టరు, తన కొడుకు మూడు చక్రాల సైకిలు రాళ్ళ బాట మీద కుదుపుతుంటే చూడలేక చక్రానికి గాలి గొట్టం చుట్టాడు. వాడుకలో నిలిచిన గాలి టైరు అలా పుట్టింది. ఒక తండ్రి పిల్లవాడి కోసం పడ్డ ఆరాటం అది. మనం కూడా అటువంటి ఆరాటంతోనే దీన్ని చూడాలని నా మనవి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఎండాకాలం వచ్చిందంటే ప్రతి పంక్చర్ దుకాణం దగ్గరా ఒక మాట వినిపిస్తుంది. మొన్న నేనూ విన్నాను. గాలి పట్టే అబ్బాయి, “అక్కా, ఎండలు బాగున్నయి. గాలి జర తక్కువ కొడ్త. లేకుంటే టైరు పేల్తది” అన్నాడు. “ఎవరు చెప్పిండ్రు తమ్మీ?” అని అడిగితే, “అందరు గట్లనే కొట్టించుకుంటరక్కా” అన్నాడు.

ఆ అబ్బాయి మాటలో సగం నిజం వుంది, అందుకే అది అంత తేలికగా నమ్మబుద్ధవుతుంది. వేడికి గాలి వ్యాకోచిస్తుంది, టైరు లోపల ఒత్తిడి పెరుగుతుంది. పది డిగ్రీల వేడికి సుమారు రెండు పాయింట్లు పెరుగుతుందని లెక్క. మన ఊళ్ళల్లో కమ్మరి ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి బండి చక్రానికి ఎక్కించి నీళ్ళు చల్లితే అది బిగుసుకొనేది చూడలేదూ? వేడికి సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. అది తెలిసినవాళ్ళం కాబట్టి, ఎండకు గాలి ఎట్లాగూ పెరుగుతుంది గదా, ముందే తగ్గిస్తే పోతుంది అనుకుంటాము.

కాని టైరును పాడుచేసేది ఆ పెరిగే రెండు మూడు పాయింట్లు కాదు. వాటిని లెక్కలోకి తీసుకొనే కంపెనీవాళ్ళు ఎంత గాలి వుండాలో నిర్ణయిస్తారు. టైరును చంపేది తక్కువ గాలి. ఇదెలాగో చెబుతాను. ఒక ఇనుప తీగను తీసుకొని ఇటూ అటూ పదిసార్లు వంచండి. వంచినచోట వేలు పెట్టి చూస్తే చుర్రుమంటుంది. ఇంకొంచెం వంచితే పుటుక్కున తెగుతుంది. గాలి తక్కువున్న టైరు పక్కభాగం కూడా చక్రం తిరిగిన ప్రతిసారీ అలాగే నలిగి, మళ్ళీ లేస్తుంది. నిమిషానికి కొన్ని వందలసార్లు. ఆ నలుగుడుకు లోపల పుట్టే వేడి, బయటి ఎండ వేడి, రోడ్డు వేడి, మూడూ కలుస్తాయి. లోపలి పొరలు ఒకదానినుంచి ఒకటి విడిపోతాయి. అప్పుడు టైరు పేలుతుంది, లేదా పైన వున్న గ్రిప్పు చెక్కంతా చీరపట్టీలా వూడి వస్తుంది. పేలిన తరువాత అందరూ “ఎండకు గాలి ఎక్కువైంది” అంటారు. నిజానికి ఎక్కువసార్లు జరిగింది దానికి తలకిందులు.

కాబట్టి ఎండాకాలమైనా, చలికాలమైనా మీ కారుకు కంపెనీ చెప్పినంత గాలే వుండాలి. ఎంతో ఎక్కడ తెలుస్తుంది? డ్రైవరు వైపు తలుపు తెరిస్తే స్తంభం మీద ఒక చిన్న కాగితం అంటించి వుంటుంది. కొన్ని కార్లలో పెట్రోలు పోసే మూత లోపల వుంటుంది. ముందు చక్రాలకు ఎంత, వెనక చక్రాలకు ఎంత, మామూలు బరువుకెంత, నిండా మనుషులూ సామానూ వుంటే ఎంత అని రెండు రకాలుగా రాసి వుంటుంది. ఆ రెండోది చాలామంది చూడరు. టైరు పక్కన అచ్చులో పోసిన పెద్ద అంకె ఒకటి వుంటుంది, అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ ఒత్తిడి. దాన్ని చూసి గాలి కొట్టించకూడదు సుమా!

ఆ కాగితం మీద వున్న లెక్క చల్లగా వున్న టైరుకు. అంటే కారు కనీసం మూడు గంటలు నిలిచి వుండాలి, లేదా రెండు మూడు కిలోమీటర్లకు మించి నడిచి వుండకూడదు. పొద్దున పాలు కాచి, ముగ్గు వేసే వేళకు చూసుకొంటే సరిపోతుంది. మధ్యాహ్నం రెండింటికి జడ్చర్ల దాకా వచ్చి అక్కడ గాలి చూపిస్తే 30 వుండవలసినచోట 35 చూపిస్తుంది. అది సహజమే. అప్పుడు “ఎక్కువైంది, తీసెయ్యి” అంటే, సాయంత్రం చల్లారేసరికి టైరు గాలి తక్కువై వూరుకుంటుంది. వేడి టైరులోనుంచి గాలి తీయవద్దు. ఇది ఒక్కటి గుర్తుంచుకొన్నా నేను మాట్లాడినందుకు ఫలితం దక్కినట్లే.

గాలి చూసే చిన్న మీటరు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. థర్మామీటరు ఇంట్లో పెట్టుకుంటామే, అలాగే ఇది కూడా ఒకటి కొనుక్కోండి. పదిహేను రోజులకొకసారి, దూరం వెళ్ళే ముందురోజు తప్పకుండా చూడండి. పదో తరగతి చదివిన నాకు చేతనైంది, మీకు చేతకాదా? మూత విప్పడం, మీటరు గట్టిగా అదమడం, అంకె చూడడం, మూత మళ్ళీ బిగించడం. అంతే. ఆ చిన్న మూతను పిల్లలు ఆటకు తీసేస్తూ వుంటారు. అది లేకపోతే దుమ్ము వాల్వులోకి పోయి సన్నగా గాలి కారుతుంది.

నైట్రోజన్ కొట్టించమంటారు కొందరు. మనం పీల్చే గాలిలోనే 78 వంతులు నైట్రోజన్ వుంది. మిగతా కాసింతకోసం డబ్బులివ్వాలా అన్నది మీ ఇష్టం. కొంచెం నెమ్మదిగా తగ్గుతుంది, నిజమే. అంతమాత్రాన నెలల తరబడి చూడకుండా వదిలేస్తే లాభం లేదు. నేను మామూలు గాలే కొట్టిస్తాను.

ఇప్పుడు మా వీధిలో జరిగిన ఒక సంగతి చెబుతాను. రిటైరైన సారు ఒకాయన, ఆయన భార్య. ఆవిడను నేను వదినా అని పిలుస్తాను. వాళ్ళకు ఒక చిన్న కారు. చాలా పొదుపుగా వాడేవారు. వారానికొకసారి మన్యంకొండ, అప్పుడప్పుడు మార్కెట్టు, అంతే. కారు పగలంతా ఇంటిముందు ఎండలోనే నిలబడేది. ఎనిమిదేళ్ళలో తిరిగింది ఇరవై రెండు వేల కిలోమీటర్లట. టైర్లు చూస్తే కొత్తవాటిలా గాడులు లోతుగా కనిపించేవి. 2023 మే నెలలో కర్నూలులో బంధువుల పెండ్లికి బయలుదేరారు. వీళ్ళిద్దరూ, కొడుకూ కోడలూ, ఇద్దరు పిల్లలు, వెనక సూట్‌కేసులు, రెండు బుట్టల మామిడిపండ్లు. పెబ్బేరు దాటి బీచుపల్లి ఇంకా రాలేదు, మిట్టమధ్యాహ్నం. వెనక ఎడమ టైరు పైచెక్క ఒక్కసారిగా వూడింది. కారు అటూ ఇటూ వూగి నడిమి గోడకు రాసుకొని నిలిచింది. పిల్లలకు దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. వదినకు భుజం ఎముక విరిగింది. పెండ్లి చూడవలసిన మనిషి కర్నూలు ఆసుపత్రిలో పడుకుంది. స్టెప్నీ తీస్తే దానిలో గాలే లేదు.

తరువాత చూస్తే ఆ టైరు పక్కన నాలుగు అంకెలున్నాయి, 2215 అని. అంటే 2015వ సంవత్సరం 22వ వారంలో తయారైనదని అర్థం. ఎనిమిదేళ్ళ టైరు. తిరిగింది తక్కువే గాని, రబ్బరుకు వయసు తిరిగినందుకే కాదు, నిలబడినా వస్తుంది. ఎండా, గాలీ దాన్ని లోపల్లోపల ఎండగట్టేస్తాయి. కొంచెం వంచి చూస్తే పక్కన సన్నని పగుళ్ళు కనిపించాయట, ఎండిన చెరువు అడుగులాగా. నేను చూడబోతే వదిన అన్నమాట నా చెవిలో ఇప్పటికీ వుంది. “ప్రతి దసరకు నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెడ్తిమి గద వదినా, టైరు ఎప్పటిదో ఒక్కనాడు సూడకపోతిమి.” నిమ్మకాయ పెట్టవద్దని నేనెందుకంటాను, నేనూ పెడతాను. అది పెట్టడానికి వంగినప్పుడే ఆ నాలుగంకెలు కూడా చదివితే బాగుంటుందంటాను.

టైరు వయసు ఐదేళ్ళు దాటితే ఏటా తెలిసినవాళ్ళకు చూపించాలనీ, ఎంత గ్రిప్పు వున్నా పదేళ్ళకు మించి వాడరాదనీ టైర్ల కంపెనీలే చెబుతాయి. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్ళకే మార్చమంటాయి. మన ఎండలకు, ఎండలో నిలబడే కార్లకు ఆ ఆరేళ్ళ లెక్కే మంచిదని నా అభిప్రాయం. స్టెప్నీకి కూడా వయసు అంతే. అది వాడలేదు కదా అని కొత్తది కాదు.

స్టెప్నీ అంటే గుర్తొచ్చింది. ఇంగ్లీషువాళ్ళకే ఆ మాట అర్థం కాదుట. వేల్సు దేశంలో లనెల్లీ అనే ఊళ్ళో స్టెప్నీ వీధిలో 1904 ప్రాంతంలో ఒక దుకాణంవాళ్ళు అదనపు చక్రం తయారుచేసి అమ్మారు. ఆ వీధి పేరు వాళ్ళు మరిచిపోయినా మనం మరవలేదు. 2020 నుంచి మన దేశంలో, ట్యూబ్‌లెస్ టైర్లూ, గాలి తగ్గితే దీపం వెలిగి చెప్పే ఏర్పాటూ, పంక్చర్ సరిచేసుకొనే సామానూ వున్న కారుకు స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదని నిబంధన వచ్చింది. కొత్త కారు కొనేవాళ్ళు స్టెప్నీ ఇస్తారో లేదో ముందే అడగండి. దేవరకొండ దాటి డిండి వైపు రాత్రిపూట టైరు చీలితే ఆ పంక్చర్ సామాను ఎందుకూ పనికిరాదు.

ఇక కొనే సంగతి. మా పినతల్లి కూతురు కెనడాలో మాంట్రియల్‌లో వుంటుంది. వాళ్ళకు ఏడాదికి రెండుసార్లు టైర్లు మార్చే పండుగ. ఆ క్యూబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా మంచు టైర్లు వేయకపోతే చట్టం వూరుకోదు. మంచు కరిగాక వాటిని తీసి వేసవి టైర్లు వేస్తారు. చలి టైర్ల రబ్బరు మెత్తన, 7 డిగ్రీల లోపు చలిలో కూడా పట్టు వుండేట్లు చేస్తారు. వాటిని మన నకిరేకల్లు రోడ్డు మీద మేలో నడిపితే పెన్సిలు రబ్బరులా అరుగుతాయి. ఆమె ఫోనులో, “అక్కా, మీరు సమ్మర్ టైర్లు ఎప్పుడు వేస్తారు?” అని అడిగితే నవ్వొచ్చింది. మన దేశంలో మామూలుగా దుకాణాల్లో అమ్మే కారు టైర్లు వేడి దేశానికి తగినట్లు చేసినవే. వాటినే పన్నెండు నెలలూ వాడతాము. కాబట్టి ఎవరైనా “వేసవి స్పెషల్” అని ఎక్కువ ధర చెబితే ఏమిటి స్పెషల్ అని అడగండి.

టైరు పక్కన అంకెలు చూస్తే కళ్ళు తిరుగుతాయి గాని అది చీర అంచు మీద మిల్లు ముద్ర చదవడం కన్నా కష్టం కాదు. 165/80 R14 85T అని వుందనుకోండి. 165 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 80 అంటే ఆ వెడల్పులో నూటికి ఎనభై వంతులు టైరు ఎత్తు. R అంటే రేడియల్, లోపలి తీగలు అడ్డంగా నేరుగా పోతాయి. ఫ్రాన్సులో మిషెలిన్ కంపెనీ 1946లో దీనికి పేటెంటు తీసుకుంది. రేడియల్ టైరు పాతరకం కంటే తక్కువ వేడెక్కుతుంది. 14 అంటే రిమ్ము అంగుళాలు. 85 అనేది బరువుకు గుర్తు, ఒక్కో టైరు 515 కిలోలు మోయగలదని. T అంటే గంటకు 190 కిలోమీటర్లదాకా తట్టుకుంటుందని. మన రోడ్ల మీద ఆ వేగం అక్కర్లేదు గాని, ఆ అక్షరం వేడిని ఎంత తట్టుకుంటుందో చెప్పేదే. పాత టైరుకు వున్నదానికంటే బరువు అంకె గాని, వేగం అక్షరం గాని తక్కువది ఇస్తే తీసుకోకండి. కొన్నిటి మీద టెంపరేచర్ అని రాసి ఎదురుగా A, B, C అని వుంటుంది. A అయితే వేడికి అన్నిటికన్నా మేలు. మన ప్రాంతంవాళ్ళం చూడవలసింది ముందు ఇదే. ఐ.ఎస్.ఐ. ముద్ర, తయారైన వారం చెప్పే నాలుగంకెలు కూడా చూడండి. రెండేళ్ళనాటి సరుకును కొత్తదని అంటగట్టనివ్వకండి. బిస్కెట్ల పొట్లం మీద తారీఖు చూసేవాళ్ళం, ఇది చూడమా?

పిల్లలు పెద్దవాళ్ళయి, వెడల్పు టైర్లు వేస్తే కారు అందంగా వుంటుందని పోరుతారు. మా ఇంట్లోనూ ఆ గొడవ అయింది. కంపెనీ చెప్పిన కొలతే మేలు. నాలుగూ ఒకేసారి మార్చడానికి డబ్బు చాలకపోతే రెండు మార్చండి, ఆ రెంటినీ వెనక చక్రాలకు వేయించండి. దుకాణంవాళ్ళు కూడా కొందరు, ఇంజను ముందుంది కదా, ముందే వేద్దామంటారు. కాని వెనక చక్రాలు జారితే కారు గిరుక్కున తిరిగిపోతుంది, డ్రైవరు చేతిలో వుండదు. ముందువి జారితే స్టీరింగులో ముందే తెలుస్తుంది, వేగం తగ్గించుకోవచ్చు.

సెకండ్‌హాండు టైర్లు చవగ్గా దొరుకుతాయి. నల్లరంగు పూసి తళతళలాడిస్తారు. దాని కాపురం ఎక్కడ గడిచిందో, ఎన్ని గుంతల్లో పడిందో మనకు తెలియదు. వద్దు. రీట్రేడింగ్ వేరు, లారీలకూ బస్సులకూ అది సరైన పద్ధతే. మన ఆర్టీసీకి సొంత రీట్రేడింగ్ షాపులున్నాయి. దాని లెక్కలు, తనిఖీలు వాళ్ళకుంటాయి. ఇంటి కారుకు ఆ ఆలోచన పెట్టుకోకండి.

నాలుగు టైర్లంటే చిన్న కారుకైనా పదిహేను, ఇరవై వేల రూపాయల మాట. ఇంటి ఖర్చులో అది చిన్నదేమీ కాదు. “ఇంకో ఎండాకాలం నడుస్తుందిలే” అనే మాట ఇక్కడే పుడుతుంది. మా వారూ అన్నారు. నేను గొడవ పెట్టుకోలేదు. పాల లెక్క, గ్యాసు లెక్క రాసే పుస్తకంలోనే ఒక పేజీ తీసి, టైర్ల పేర నెలకు నాలుగు వందలు పక్కన పెడుతూ వచ్చాను. ఐదేళ్ళకు ఆ సొమ్ము సిద్ధంగా వుంటే ఎవరూ వద్దనరు.

కొన్న తరువాత పెంపకం. ఎనిమిది, పదివేల కిలోమీటర్లకు ఒకసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్పించాలి. అప్పుడే అలైన్‌మెంటు చూపించాలి. టైరు అరుగుదల చూసి జబ్బు చెప్పవచ్చు, చెప్పు అరిగిన తీరు చూసి మనిషి నడక చెప్పినట్లే. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. నడుమ అరిగితే గాలి ఎక్కువ. ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంటు పోయింది. గాడుల మధ్య చిన్న చిన్న దిమ్మెలు అడ్డంగా వుంటాయి. గ్రిప్పు అరిగి వాటితో సమానమైతే లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని. చట్టప్రకారం అంతకు తగ్గరాదు. నేనైతే మూడు మిల్లీమీటర్లకే మార్చమంటాను. ఎందుకంటే మన దగ్గర ఎండాకాలం అయిందో లేదో జూన్‌లో మొదటి వానపడుతుంది. దుమ్మూ, నూనే కలిసిన తడిరోడ్డు మీద గుండైపోయిన టైరు నిలవదు.

మన పక్క పల్లెబాటల్లో సర్కారు తుమ్మ ముళ్ళు, లారీలనుంచి పడే కంకర ముక్కలు మామూలే. గాడుల్లో ఇరుక్కున్న రాళ్ళను వారానికొకసారి చిన్న పుల్లతో తీసేయండి. కాని ట్యూబ్‌లెస్ టైరులో దిగిన మేకును మాత్రం రోడ్డుమీద పీకవద్దు. అది బిరడాలా పనిచేస్తూ మిమ్మల్ని దుకాణందాకా చేరుస్తుంది. గ్రిప్పు భాగంలో పంక్చరు పడితే బాగుచేయవచ్చు. బయటినుంచి తోసే దారం తాత్కాలికం, టైరు విప్పి లోపలినుంచి వేసే పుట్టగొడుగు ఆకారం ముక్క గట్టిది. పక్కభాగంలో చిల్లు పడినా, బుడిపె లేచినా బాగుచేయడం లేదు, మార్చవలసిందే. గుంతలో గట్టిగా పడితే మరునాడు ఆ బుడిపె కోసం నాలుగు పక్కలా, లోపలివైపు కూడా చూడండి.

కారును వేపచెట్టు కిందో, రేకుల కిందో నిలపండి. చోటు లేకపోతే ఎండపడే వైపు టైర్లకు ఒక పాత గోనెపట్టా కప్పినా మేలే. నెలల తరబడి కదలని కారును వారానికొకసారైనా కొంచెం నడపాలి. నిగనిగలాడాలని కిరసనాయిలు, డీజిలు పూసేవాళ్ళున్నారు, అవి రబ్బరును తినేస్తాయి. సబ్బునీళ్ళు చాలు.

ఇక మే నెల ముహూర్తాలు. ఐదుగురు కూర్చునే కారులో ఎనిమిదిమందిని, వెనక బిందెలూ, బియ్యం మూటా వేసి శ్రీశైలం ఘాటు ఎక్కించడం మనకు అలవాటే. అందరం పోదామనే ప్రేమ మంచిదే, టైరు మాత్రం ఆ ప్రేమను లెక్కపెట్టదు, బరువునే లెక్కపెడుతుంది. మనుషులు ఎక్కువైతే ఇద్దరు బస్సుకు రండి. పొద్దున నాలుగింటికి బయలుదేరితే పదింటికల్లా చేరవచ్చు. బయలుదేరే ముందు చెప్పిన నిండు బరువు గాలి పెట్టించండి. రెండు గంటలకొకసారి దిగి టీ తాగండి, టైర్లూ కాస్త చల్లారుతాయి. అప్పుడు అరచేయి టైరు దగ్గరగా పెట్టి చూడండి. మూడు మామూలుగా వుండి ఒకటి మాత్రం కాలుతుంటే దానిలో ఏదో లోపమున్నట్లే.

కర్మం చాలక టైరు పేలితే, నడిపేవారు భయపడి బ్రేకు తొక్కకూడదు. స్టీరింగు రెండు చేతులా గట్టిగా పట్టి, కాలు యాక్సిలరేటరు మీదనుంచి నెమ్మదిగా తీసి, కారును దానంతట తగ్గనిచ్చి ఎడమకు తీసుకోవాలి. పక్కన కూర్చున్న మనం కేకలు పెట్టి చెయ్యి పట్టుకు లాగకుండా వుంటే అదే పెద్ద సాయం. ఆగాక పిల్లల్ని ఎడమవైపు తలుపునుంచే దింపి, రోడ్డు అంచు కమ్మీ అవతల నిలబెట్టండి. నీడ వుందని కారు వెనక నిలబడవద్దు. వెనకనుంచి వచ్చే లారీకి ముందు తగిలేది ఆ చోటే. ఎర్ర త్రికోణం వెనక దూరంగా పెట్టండి. జాతీయ రహదారి మీదైతే 1033కు, దెబ్బలు తగిలితే 108కి ఫోను చేయండి. చక్రం మార్చేటప్పుడు జాకీ ఎత్తకముందే పానతో నట్లు కొంచెం వదులుచేసుకోవాలి, ఎత్తాక తిప్పితే కారు జాకీ మీదనుంచి జారవచ్చు. ఇదంతా ఒక ఆదివారం సాయంత్రం ఇంటిముందు పిల్లలతో కలిసి ఒకసారి చేసి చూడండి. మా అమ్మాయి ఇరవై నిమిషాల్లో మార్చింది.

మరొక్క విషయం. తీసేసిన పాత టైర్లను మేడ మీద పడేస్తాము. జూన్ వానలకు వాటిలో నీళ్ళు నిలిచి డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. కొత్తవి కొన్నప్పుడే పాతవి దుకాణంలో ఇచ్చేసి, ఎంతో కొంత ధర తగ్గించమనండి. పూలకుండీకి వుంచుకోవాలని ముచ్చటపడితే అడుగున నాలుగు చిల్లులు పెట్టించండి.